వలకు సెలవెప్పుడు?

సముద్రం లేని జిల్లా మాది. అయినా అనంతపురంలో చేపల బండి దగ్గర ఆగి చూస్తే దేశంలో ఏ తీరాన వేట ఆగిందో, ఏ తీరాన సాగుతోందో తెలిసిపోతుంది. ఏప్రిల్ 15 దాటాక తూర్పు తీరం నుంచి వచ్చే చేప తగ్గుతుంది. ఆ రోజు మొదలు జూన్ 14 దాకా, 61 రోజులు, బంగాళాఖాతంలో మరపడవల వేట ఆపేస్తారు. పడమటి తీరం అప్పటికింకా తెరిచే ఉంటుంది గనక మంగళూరు వైపు నుంచి ఐసుపెట్టెలు దిగుతాయి. జూన్ 1 రాగానే అదీ ఆగిపోతుంది, మళ్లీ జులై 31 తర్వాతే. అంటే జూన్‌లో మొదటి పద్నాలుగు రోజులు మనకు రెండు పక్కలా సముద్రం మూతే. మృగశిర కార్తె ప్రవేశించేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మిరుగు నాడు చేప తినే ఆచారం ఉన్నవాళ్లు ఎంత ధరైనా పెట్టి చెరువు చేపో, కోస్తా గుంటల్లో పెంచిన చేపో కొనుక్కుపోతారు. జూన్ 15న తూర్పు సముద్రం తెరుచుకుంటుంది. ఇంకో రెండు వారాలకే, జులై 1 నుంచి ఆగస్టు 31 దాకా, మన రాష్ట్రంలో నదులకూ జలాశయాలకూ వేట విరామం మొదలవుతుంది.

ఈ తేదీలు చూసినవాళ్లకు ఇదంతా ఆఫీసుల్లో కూర్చుని గీసిన గీతల్లా అనిపించవచ్చు. అలా కాదు. పడమటి తీరానికి నైరుతి రుతుపవనం ముందు తగులుతుంది, జూన్, జులైల్లో అక్కడ సముద్రం పోటెత్తి ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టే కాలం కూడా దానితో కలిసి వస్తుంది. తూర్పు తీరం లెక్క వేరు. అందుకే రెండు తీరాలకూ రెండు గడువులు. 2015 దాకా 47 రోజులుండే విరామాన్ని ఆ ఏడాది 61 రోజులు చేశారు. మరలేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా రాష్ట్రం మాట, ఆ పైన కేంద్రం మాట. మన రాష్ట్రానికి 1994 నాటి సముద్ర మత్స్య నియంత్రణ చట్టం ఉంది. సముద్రం సంగతి ఇంతటితో చాలు. నాకు చెప్పాలని ఉన్నది చెరువుల గురించి.

జులై, ఆగస్టుల విరామం ఎందుకో అర్థం కావాలంటే ఆ రోజుల్లో ఏటి చేపను కోయించుకోవాలి. కత్తిపీట ముందు కూర్చున్న ఆమె పొలుసు గీకి పొట్ట చీల్చగానే రెండు పక్కలా పొడవాటి పసుపుపచ్చ జన సంచులు బయటపడతాయి. పొట్టలో పేగుకు చోటు లేనంతగా నిండి ఉంటాయి. కొనేవాడికి అది అదృష్టం, వేపుడు చేసుకుంటాడు. ఆ రెండు సంచుల్లో ఉన్నవి లక్షల గుడ్లు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, ఈ మూడూ కొత్త నీరు పారితే తప్ప గుడ్లు పెట్టవు. నది పొంగి ఒడ్డు మీది పల్లపు నేలల్లోకి పరుచుకోవాలి, అప్పుడే అవి ఎదురెక్కి వచ్చి గుడ్లు వదులుతాయి. కృష్ణలో, గోదావరిలో, తుంగభద్రలో ఆ పొంగు జులై, ఆగస్టుల్లో వస్తుంది. ఆ రెండు నెలలు వల వేయొద్దనడంలో తప్పేమీ లేదు. నేను ఆ నిబంధనను మనసారా సమర్థిస్తాను.

అయితే అనంతపురం నీళ్లు రెండు రకాలు. పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, మిడ్ పెన్నారు తాగేది తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు. ఆ వాన కురిసేది సహ్యాద్రి కొండల్లో. జీడిపల్లికి హంద్రీనీవా మీదుగా శ్రీశైలం నీళ్లొస్తాయి, అదీ పడమటి కనుమల వానే. కాబట్టి ఈ జలాశయాలకు జులై, ఆగస్టు గడువు కొంతవరకైనా సరిపోతుంది. కాలువ వెంబడి కొత్త నీరూ ఆ దినాల్లోనే వస్తుంది, నీటితో పాటు చేపా వస్తుంది.

రెండో రకం మన వాన చెరువులు. విజయనగర కాలం నుంచి ఈ ప్రాంతాన్ని బతికించినవి ఇవే. బుక్కపట్నం, ధర్మవరం, శింగనమల చెరువుల లాంటి పెద్దవి, వాటి కింద ఊరూరా ఉన్న చిన్నవి. (2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయ్యాక వీటిలో కొన్ని శ్రీ సత్యసాయి జిల్లాకు పోయాయి, వాన మాత్రం జిల్లాలు చూసి కురవదు.) ఇక్కడ ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టూ. అందులో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. నైరుతి మేఘం కనుమల అవతలే బరువు దించుకుని వస్తుంది కనుక పునర్వసు, పుష్యమి, ఆశ్లేష కార్తెల్లో మనకు మిగిలేది ఎక్కువగా గాలి. చెరువులోకి నీరు దిగేది ఉత్తర, హస్త, చిత్త కార్తెల్లో. అదీ దిగిన ఏట. అప్పుడు కూడా మరవ పారే సంవత్సరాలు చాలా తక్కువ.

అంటే చట్టం గుడ్ల కాలమని చెప్పే రెండు నెలల్లో మా చెరువుల్లో చేప ఉండదు, కొన్నిసార్లు నీరే ఉండదు. నీళ్లొచ్చి చేప కదిలే సెప్టెంబరు, అక్టోబరుల్లో గడువు తీరిపోయి ఉంటుంది. ధర్మవరం వైపు ఒక ఊళ్లో చెరువు కట్ట మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న బెస్త తాతను ఈ సంగతే అడిగాను. ఆయన సూది ఆపకుండానే అన్నాడు: "వానే రాకపాయె, నీళ్లే లేకపాయె. ఇంగ మూసేదేముంది సామీ, తెరిచేదేముంది? నీళ్లొచ్చినప్పుడు చెప్పమను, మేమే ఆపుతాం."

ఆ మాట ఊరికే అన్నది కాదు. నీళ్లొచ్చినప్పుడు ఏం ఆపాలో, ఎందుకు ఆపాలో ఆయనకు తెలుసు. చెరువు అంచున గడ్డి మునిగిన చోట కొర్రమీను గూడు కడుతుంది. గుడ్లు పొదిగాక ఎర్రగా, నిప్పుకణాల రంగులో ఉండే పిల్లలు గుంపుగా నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుని మళ్లీ కిందికి పోతుంటాయి. ఆ గుంపు కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఎర్రని మరక నీళ్ల మీద కదిలిందంటే కింద రెండు పెద్ద చేపలున్నట్టే గుర్తు. గాలం వేసేవాడికి అంతకన్నా సులువైన వేట ఉండదు. ఆ రెండింటినీ పట్టేస్తే మాత్రం పిల్లల గుంపు మొత్తం పరకలకూ కొంగలకూ పోతుంది. తాత చెప్పిన లెక్కలో ఆపాల్సింది ఆ వేట. అది ఏ నెలలో అంటే చెరువు నిండిన నెలలో. కిందటి ఏడు సెప్టెంబరు చివరైతే ఈ ఏడు నవంబరు కావచ్చు.

బొచ్చె, శీలావతుల సంగతి వేరు. అవి నిలవ నీటి చెరువులో గుడ్లు పెట్టవు గనక పిల్ల కొని వదలాల్సిందే. ఆ పిల్ల దొరుకుతున్నదంటే 1957 జులై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ కోవ చేపల చేత గుడ్లు పెట్టించగలిగినందువల్లే. ఆ రోజునే ఇప్పటికీ దేశంలో మత్స్య రైతుల దినోత్సవం జరుపుతారు. హేచరీలకు జోరు కాలం జులై, ఆగస్టు. మా చెరువుకు నీరు అక్టోబరు. మధ్యలో పిల్లను ఎవరో ఒకరు నర్సరీ గుంటలో సాకాలి. వేలెడంత పెరిగాక వదిలితేనే అది బతికి ఎండాకాలం లోపు కిలో బరువుకు వస్తుంది. రేకలంత పిల్లను వదిలితే కొర్రమీను నోట పడుతుంది, లేదా చెరువు ఎండేసరికి అరచేతి సైజులో ఆగిపోతుంది.

మా చెరువుల్లో నిజమైన వేట కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా. నీరు తగ్గే కొద్దీ వల దగ్గరవుతుంది. విసురువల వేయడం చూడాలి. ముందు తాడు కొసను ఎడమ మణికట్టుకు బిగిస్తారు. వల అంచున సీసపు గుండ్లు వేలాడుతుంటాయి. ఆ అంచులో కొంత భుజం మీద వేసుకుని, కొంత పళ్ల మధ్య పట్టుకుని, మిగతాది కుడిచేతికి తీసుకుని, నడుము ఒక్క మెలి తిప్పి వదులుతారు. గాలిలో వల గుండ్రంగా విచ్చుకోవాలి. గుండ్లన్నీ ఒక్క చప్పుడుగా నీళ్లను తాకితే విసురు కుదిరినట్టు. చప్పుళ్లు విడివిడిగా వినబడితే వల మడత పడిందన్నమాట. అంచు అడుగును అంటే దాకా ఆగి, గుండ్లు బురదను వదలకుండా చిన్నగా లాగుతారు. వలకన్నులో రెండు వేళ్లు దూరాలని తాత అంటాడు. అంతకన్నా చిన్న కన్ను పెట్టినవాడు వచ్చే ఏటి చేపను ఈ ఏడే తింటున్నాడని ఆయన కోపం.

ఆ కోపానికి అసలు కారణం గుత్త. చెరువు గుత్త ఫసలీ లెక్కన నడుస్తుంది, జులై 1 నుంచి జూన్ 30 దాకా. అక్టోబరులో నీరొచ్చిన చెరువుకు గుత్తలో మూడు నెలలు అప్పటికే పోయినట్టే. ఒక మంచి ఏడు చెరువు ఎండాకాలాన్ని దాటి నిలిచిందనుకోండి, అందులోని బొచ్చె మరో ఏడాదికి మూడు కిలోలు తూగుతుంది. గుత్త ఒక్క ఏడాదికే అయితే దాన్ని వదిలి ఎవరు పోతారు? జూన్ 30 లోపు పెద్దా చిన్నా ఊడ్చేస్తారు. మత్స్యకార సంఘానికి మూడేళ్లో ఐదేళ్లో గుత్త రాసిస్తే వలకన్ను దానంతట అది పెద్దదవుతుంది. నిషేధపు ఉత్తర్వుతో రానిది ఈ ఒక్క మార్పుతో వస్తుందని నా నమ్మకం.

నీరు బాగా తగ్గిన ఏట వేరే తొందర ఉంటుంది. ఏప్రిల్‌లో మోకాటి లోతుకు వచ్చిన నీళ్లు వేడెక్కి, తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. అవి చచ్చేలోపు పట్టాలి. చుట్టుపక్కల చెరువులన్నీ ఒకే వారంలో ఆ దశకు వస్తాయి గనక ధర పడిపోతుంది. కొర్రమీను, మార్పు గాలి పీల్చి బురదలో కొన్నాళ్లు నిలవగలవు, బొచ్చె నిలవలేదు. జిలేబి చేపకు మాత్రం ఏ కాలమూ అడ్డు రాదు, నిలవ నీటిలోనే ఏడాదికి చాలాసార్లు పిల్లలు చేస్తుంది, దానికి ఏ విరామమూ అక్కర్లేదు.

చోటును బట్టి తేదీ మార్చడం కొత్త సంగతేమీ కాదు. హిమాచల్ ప్రదేశ్ ఒకే రాష్ట్రం. అక్కడ కింది జలాశయాలకు వానాకాలంలో రెండు నెలలు విరామం, పైన చల్లటి ఏళ్లలోని ట్రౌట్ చేపకు నవంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. ట్రౌట్ గుడ్లు పెట్టేది చలికాలంలో కాబట్టి. కంబోడియా చిన్న దేశం, ఆ దేశంలో మెకాంగ్ వరద ఉత్తరాన ముందు వస్తుందని అక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా, దక్షిణాన ఒక నెల ఆలస్యంగా జులై 1 నుంచి అక్టోబరు 31 దాకా మూస్తారు. వరద నెల ఆలస్యమైతే తేదీని నెల జరిపారు. శ్రీకాకుళం నుంచి హిందూపురం దాకా ఉన్న మన రాష్ట్రంలో ఆ మాత్రం తేడా పెట్టలేమా?

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సముద్రంలో వేట ఆగిన రోజులకు మన రాష్ట్రం తీరపు మత్స్యకారులకు భృతి ఇస్తుంది. 2019 నుంచి 10,000 రూపాయలు, 2025 ఏప్రిల్ నుంచి 20,000. ఇవ్వవలసిందే, ఎవరూ కాదనరు. ఆ పథకం రాసింది సముద్రం మీద బతికేవాళ్ల కోసం. జలాశయం ఒడ్డున పుట్టి తిప్పుకునే బెస్త కుటుంబానికీ జులై, ఆగస్టుల్లో పొయ్యి వెలగాలి. ఇక వాన చెరువు వాళ్లకైతే ఏ ఉత్తర్వూ లేకుండానే విరామం వస్తుంది, కరువు ఏట అది పన్నెండు నెలలు నడుస్తుంది. వాళ్లు కూలికి పోతారు, బెంగళూరు పోతారు. పంట ఎండిన రైతుకు కరువు మండలమన్న మాటతో కొంతైనా వస్తుంది. నీరెండిన చెరువు మీద గుత్త కట్టిన సంఘానికి ఆ ఏటి గుత్త మాఫీ కావాలని అడిగితే అది కొత్త కోరికలా వినబడకూడదు.

తేదీలు నిర్ణయించడానికి కొత్త కమిటీ కూడా అక్కర్లేదు. ఎగువ కాలువకు నీళ్లు ఎప్పుడు వదలాలో తేల్చడానికి జిల్లా సాగునీటి సలహా మండలి ఎలాగూ కూర్చుంటుంది. ఏ జలాశయంలో ఎంత నీరుందో ఆ బల్ల మీదికి వస్తుంది. ఆ బల్ల దగ్గరే మత్స్యశాఖ అధికారికీ, మత్స్యకార సంఘాల తరఫున ఇద్దరికీ కుర్చీ వేయాలి. కాలువ జలాశయాలకు జులై, ఆగస్టు అలాగే ఉంచి, వాన చెరువులకు కొత్త నీరు దిగిన నాటి నుంచి నలభై ఐదు రోజులు లెక్కపెట్టమనాలి. పూడిక తీసే పనులు మంజూరు చేసేటప్పుడు చెరువు నడుమ ఒక లోతు మడుగు వదలమని అంచనాలో ఒక్క వరుస రాయించాలి, ఎండాకాలం దాటడానికి తల్లి చేపలకు చోటు ఉండేలా. ఈసారి ఆ సమావేశానికి పోయే సంఘం పెద్దలెవరైనా ఈ కాగితం చదివితే, ఈ సంగతులన్నీ అక్కడ అడిగి మినిట్స్‌లోకి ఎక్కించమని నా మనవి.