కుంకుమ భరిణెలో సిమ్ము

బ్యాంకులో ముప్పై రెండేళ్లు పనిచేశాను. అందులో సగం కాలం సంతకాలు పోల్చడంతోనే గడిచింది. సంతకం తోక కాస్త వంకర తిరిగినా చెక్కు పక్కన పెట్టేవాణ్ని. అలాంటి నన్ను, రిటైరయ్యాక, డాలస్‌లో కూతురింట్లో ఒక కుక్కర్ రబ్బరు 'నువ్వు నువ్వేనని రుజువేంటి?' అని నిలదీసింది.

మా ఆవిడ సూర్యాపేట నుంచి మోసుకెళ్లిన మూడు లీటర్ల కుక్కర్‌కు రబ్బరు సాగిపోయింది. మన ఊళ్లో అయితే పాత రబ్బరు పట్టుకుని స్టీలు సామాన్ల కొట్టుకు వెళితే చాలు. కొట్టాయన కొలత కూడా చూడకుండా కొత్తది తీసిస్తాడు. చిల్లర లేకపోతే 'రేపియ్యండి సార్' అంటాడు. డాలస్‌లో కారు లేనిదే కొట్టు లేదు. 'నాన్నా, లింకు పంపు, నేను ఆర్డర్ పెడతా' అంది కూతురు, మీటింగు మధ్యలోంచి. చెప్పుల దగ్గర్నుంచి కళ్లజోడు దాకా నెల రోజులుగా ఇదే మాట. పెన్షన్ నెలనెలా ఖాతాలో పడుతూనే ఉంది. అయినా పన్నెండు డాలర్ల రబ్బరుకు కూతురి ముందు చెయ్యి చాచాలా అనిపించింది. నా కార్డుతో నేనే కొంటానని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మొదటి అడుగే తడబడింది. అమెరికా జిప్ కోడ్‌కు 5 అంకెలు. సూర్యాపేట పిన్ 508213. పట్టడం లేదని చివరి 3 తీసేసి 50821 అని కొట్టాను. 508తో మొదలయ్యే జిప్‌లు మొక్కజొన్న పండే అయోవా రాష్ట్రానివని తర్వాత తెలిసింది. కార్డు మీదున్న ఇల్లు సూర్యాపేటలో, నేనిచ్చిన అంకె అయోవాలో. యంత్రం ఒప్పుకోలేదు. సరుకు చేరాల్సిన చిరునామా వేరు, బిల్లింగ్ చిరునామా వేరని, రెండోదానికి దేశం ఇండియా అని మార్చుకోవాలని గ్రహించేసరికి గంట గడిచింది.

అదయ్యాక కార్డే మొరాయించింది. 2020లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నిబంధన ప్రకారం, కొత్తగా ఇచ్చే కార్డు మొదట దేశంలోని ఏటీఎంలకు, దుకాణాల్లోని స్వైపింగ్ మిషన్లకే పనిచేస్తుంది. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం మనమే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ఆన్ చేయబోతే ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ వచ్చేది మన ఊరి నంబరుకు. ఆ సిమ్ ఎక్కడుంది?

అమెరికా సిమ్ వేసుకున్న రోజు పాతది పోతుందేమోనని మా ఆవిడ కుంకుమ భరిణెలో దాచింది. తీసి, పైట చెంగుతో తుడిచి ఇచ్చింది. ఫోన్లో వేశాం. సిగ్నల్ రాలేదు. రీచార్జి గడువు దాటి చాలా రోజులైంది.

డాలస్‌లో రాత్రి ఎనిమిది. కోదాడలో తెల్లవారి ఆరున్నర. అమెరికా నంబరు నుంచే బామ్మర్దికి ఫోన్ చేసి, 'రీచార్జి చెయ్యి, ఓటీపీ రావాలె' అన్నాను. ఓటీపీ అన్న మాట చెవిన పడగానే వాడికి మెలకువ వచ్చింది. 'ఎవలు నువ్వు? మా బావ గొంతు పెట్టి మాట్లాడుతున్నవా? నిజంగ బావవే అయితే, మా అక్క పెండ్లిల పప్పు ఎందుకు మాడిందో చెప్పు' అన్నాడు. వంటాయన బీడీ కోసం పోయిండని చెప్పాను. 'బావా, నువ్వే' అని నవ్వి, అంతర్జాతీయ రోమింగ్‌తో కలిపి రీచార్జి చేశాడు. ఆ రోజు నన్ను నన్నుగా గుర్తించింది వాడొక్కడే.

చివరికి రబ్బరు ఆర్డరైంది. అప్పుడే అసలు భయం పుట్టింది. డబ్బు తీసుకునేటప్పుడు ఓటీపీ అడగనే లేదు! మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు రెండో గుర్తింపు 2009 నుంచి తప్పనిసరి. అమెరికా సైట్లు చాలావరకు అంకెలు సరిపోతే సొమ్ము లాగేస్తాయి. అంటే విదేశీ వాడకానికి మన చేతిలో ఉన్న తాళం యాప్‌లోని ఆ మీటే. కొన్నాక దాన్ని ఆఫ్ చేయాలి, పరిమితి తగ్గించి పెట్టుకోవాలి. తాళం వేసి గొళ్లెం లాగి చూసుకునే అలవాటు మన తరానికి కొత్తేం కాదు కదా.

ఊరికి తిరిగొచ్చాక ఇప్పుడు సూర్యాపేట సద్దుల చెరువు కట్ట మీద పొద్దున నడకకు వచ్చేవాళ్లలో ఎవరికి వీసా వచ్చినా నాకు కబురొస్తుంది. కోదాడ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ ఫోన్ చేసి, 'గిఫ్ట్ కార్డు కొని వెనక నంబరు చెప్పమని అక్కడ ఆఫీసర్లు అడుగుతారట, నిజమేనా అన్నా?' అన్నారు. అక్కడైనా ఇక్కడైనా ఏ ప్రభుత్వ కార్యాలయమూ గిఫ్ట్ కార్డు అడగదు, అడిగినవాడు దొంగేనని చెప్పాను.

మిర్యాలగూడ మిత్రుడిది ఇంకో తంటా. రైస్ మిల్లు కొడుకుకు అప్పగించి, గ్రీన్ కార్డు మీద కూతురి దగ్గర స్థిరపడ్డాడు. చలికాలం మాత్రం ఇక్కడికి వస్తాడు. పాత సేవింగ్స్ ఖాతా అలాగే ఉంచుకున్నాడు. ఫెమా అనే విదేశీ మారక చట్టం ప్రకారం విదేశంలో స్థిరపడినవాళ్లు దాన్ని ప్రవాసుల ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలి. మార్చుకుంటే లాభమే. 2023లో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కొన్ని గల్ఫ్ దేశాలు సహా 10 దేశాల ఫోన్ నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల మీద యూపీఐ వాడుకోవడానికి దారి తెరిచింది. ఖాతా మార్చుకుని, మొన్న అమెరికా నంబరుతోనే మిర్యాలగూడ బస్టాండు దగ్గర చాయ్ తాగి స్కాన్ చేశాడు. 'పది రూపాయలు అందాయి' అని డబ్బా అరిస్తే, మిల్లు లెక్క తేలినంత సంబరపడ్డాడు.

ప్రయాణం కట్టేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. టికెట్ కొన్న రోజే బ్యాంకుకు వెళ్లి ఖాతాలో ఉన్న ఫోన్ నంబరు మీదేనా, అబ్బాయిదా చూసుకోండి. యాప్‌లోకి ఇక్కడే ఒకసారి వెళ్లి, విదేశీ మీటను ఒకసారి వేసి ఆపండి. తిరిగొచ్చే తేదీ దాటేదాకా రీచార్జి చేయించండి. మన రూపాయి కార్డుతో డాలర్లలో కొంటే బ్యాంకు రుసుము కలిసి బిల్లు పెరుగుతుంది కాబట్టి, ఎక్కువ కొనేవాళ్లు డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డు తీసుకోండి.

పిల్లలకూ ఒక మాట. ప్రేమతోనే మీ కార్డు ఇస్తారు, కాదనను. కానీ మీ అమ్మానాన్నలు మీ కార్డుతో కొనేటప్పుడు ధర చూసి సగం వస్తువులు వెనక్కి పెట్టేస్తారు. ఒక ఆదివారం పక్కన కూర్చుని వాళ్ల కార్డు వాళ్లతోనే నడిపించండి. తప్పు కొడితే మళ్లీ కొట్టనివ్వండి.

వచ్చే నెల మళ్లీ వెళుతున్నాం. మా ఆవిడ ఈసారి రెండు కుక్కర్ రబ్బర్లు ఇక్కడే కొని సూట్‌కేసులో పెట్టింది. సిమ్ మాత్రం నా ఫోన్లోనే ఉంది.