మాంసం కుండ పక్కన తెల్ల వైన్

ఫ్రాన్స్ తూర్పు కొసన, జర్మనీ సరిహద్దును ఆనుకుని ఉన్న అల్సాస్‌లో బేకెఓఫె అని ఒక ఇంటివంట ఉంది. గొడ్డు, పంది, గొర్రె మాంసం ముక్కలను ఉల్లి, వెల్లుల్లి, సుగంధపు ఆకులతో కలిపి రాత్రంతా తెల్ల వైన్‌లో నానబెడతారు. మర్నాడు సుఫ్లెన్‌హైమ్ కుమ్మరులు చేసే మట్టిపాత్రలో బంగాళాదుంప చక్రాలూ మాంసమూ వరసలుగా పేర్చి, నానబెట్టిన వైన్‌నే పైన పోస్తారు. మూత చుట్టూ పిండిముద్ద అతికించి, ఆవిరి బయటికి పోకుండా మూడు నాలుగు గంటలు మగ్గనిస్తారు. వెనకటి రోజుల్లో ఆడవాళ్లు సోమవారం బట్టలుతకడానికి వెళుతూ ఈ పాత్రను ఊరి రొట్టెల బట్టీలో పెట్టి, పని ముగించుకుని వచ్చేటప్పుడు ఇంటికి తెచ్చుకునేవారని అక్కడ చెప్పుకుంటారు.

మూడు మాంసాలున్న ఈ కుండ పక్కన బల్లమీద పెట్టేది ఎర్ర వైన్ కాదు, తెల్లదే. ఎక్కువగా రీస్లింగ్, లేదంటే పినో గ్రి. చేపకు తెలుపు, మాంసానికి ఎరుపు అని నేర్చుకున్నవాళ్లకు ఇది తప్పుగా తోస్తుంది. నన్నడిగితే ఆ సూత్రమే సగం తప్పు. మాంసం ఏమిటన్నదాని కన్నా అది దేనిలో ఉడికింది, అందులో పులుపెంత, కొవ్వెంత, ఉప్పెంత, కారమెంత అన్నదే వైన్‌ను తేల్చాలి.

ఎర్ర వైన్‌ను ద్రాక్ష తొక్కలతో, గింజలతో కలిపి పులియబెడతారు. వాటిలోని టానిన్లు వైన్‌లోకి దిగి వగరునిస్తాయి. అవి మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకోవడం వల్ల నోరు ఆరిపోయినట్టవుతుంది. నిప్పులమీద కాల్చిన, కొవ్వున్న మాంసం తింటూ తాగితే ఆ వగరు మెత్తబడుతుంది. అక్కడ ఎర్ర వైన్‌కు సాటి లేదు. కానీ పుల్లని తెల్ల వైన్‌లో ఉడికిన ముక్కకు వగరుతో పని లేదు. కొవ్వు పట్టిన నాలుకను కడిగి, తర్వాతి ముద్దకు సిద్ధం చేసే పులుపు కావాలి. అది రీస్లింగ్‌లో పుష్కలం.

షుక్రూత్ అనే మరో అల్సాస్ వంట విషయంలో ఈ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. సన్నగా తరిగిన క్యాబేజీని ఉప్పువేసి ఊరబెడితే అది పులుస్తుంది. దాన్ని వైన్‌లో ఉడికించి సాసేజ్‌లతో, పొగపెట్టిన పంది మాంసంతో వడ్డిస్తారు. తిండిలో పులుపు వైన్‌లోని పులుపును మించిపోతే వైన్ చప్పబడుతుంది. ఇంటి వంటకు వైన్ ఎంచుకునేటప్పుడు ఈ ఒక్కటి గుర్తున్నా చాలావరకు దారి తప్పం. అల్సాస్ రీస్లింగ్‌కు ఆ పులుపు వాతావరణం వల్ల దక్కింది. పడమట వోజ్ కొండలు వానలను అడ్డుకుంటాయి. కోల్మార్ ఫ్రాన్స్‌లో అతి తక్కువ వాన పడే ఊళ్లలో ఒకటి. ఎండకు ద్రాక్ష నిదానంగా పండుతుంది, చల్లని రాత్రులు పులుపును కాపాడతాయి.

కుండలో పోయడానికి ఖరీదైన సీసా అక్కర్లేదు. సిల్వనేర్ లాంటి మామూలు వైన్ వంటకు వాడి, మంచి రీస్లింగ్‌ను గ్లాసులకు దాచుకోవచ్చు. వడ్డించేటప్పుడు మరీ చల్లగా ఉంటే వాసన మూసుకుపోతుంది. 10 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. ఫ్రిజ్‌లోంచి కాస్త ముందుగా తీసి బయట పెట్టాలి.

భోజనం చివర మున్‌స్టేర్ చీజ్ వస్తుంది. ఘాటైన వాసన, మెత్తని లోపలి భాగం, బాగా ఉప్పు. దీనికి అక్కడివాళ్లు గెవుర్త్స్‌ట్రామినర్ పోస్తారు. గులాబీ, లిచీ వాసనలు, ఒక్కోసారి కొంచెం తీపి. ఉప్పూ తీపీ ఒకదాన్నొకటి పైకి లేపుతాయి. ఇదే చీజ్‌తో వగరు ఎర్ర వైన్ తాగి చూడండి, చేదు తేలుతుంది.

అల్సాస్ సీసాలు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. లేబుల్ మీద సాధారణంగా ద్రాక్ష రకం పేరుంటుంది, కొత్తవాళ్లకు అదొక వరం. 2021 పంట నుంచి తీపి ఎంతో కూడా చెప్పడం తప్పనిసరి చేశారు: సెక్ అంటే తీపి లేనిది, దెమి-సెక్ అంటే కొద్ది తీపి, ఆపైన మొయెల్యో, దూ.

ఆ దెమి-సెక్ అన్న మాట తెలుగు వంటిళ్లకు పనికొస్తుంది. మిరపలోని కాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాలనే రెచ్చగొడుతుంది, ఆల్కహాల్ కూడా వాటినే. అందుకే 14, 15 శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్‌తో గుంటూరు కారం మరింత మండుతుంది. తక్కువ ఆల్కహాల్, కొద్ది తీపి, గట్టి పులుపు ఉన్న రీస్లింగ్ గోంగూర మాంసానికీ చేపల పులుసుకూ నప్పుతుంది. భారతీయ వంట అనగానే గెవుర్త్స్‌ట్రామినర్ కొనమని విదేశాల్లో చాలామంది సలహా ఇస్తారు. జీడిపప్పు, కొబ్బరి వేసిన కూరకు, దమ్ బిర్యానీకి ఆ మాట సరే. చింతపండు పులుసుకు మాత్రం వద్దు. ఆ వైన్‌లో పులుపు తక్కువ, పులుసు ముందు తేలిపోతుంది. ఇక కారం, ఆవపిండి, ఉప్పు, నూనె, మామిడి పులుపు అన్నీ ఒక్కసారే మీద పడే ఆవకాయన్నానికి జత వెతకడం మానేయడమే మంచిది. ఆ ముద్దలు తినడం అయ్యాక, మంచినీళ్లు తాగి, అప్పుడు గ్లాసు అందుకోవాలి.