బాగుచేసే చెయ్యీ కళాకారుడిదే

జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తీ ఉలీ పట్టి దేవతామూర్తిని లేపే చేతికి దేశం గౌరవం ఇచ్చింది. ఆ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, కాకతీయుల నాటి విద్య అని చెప్పుకునే చరిత్ర ఉంది. ఉండాల్సిందే. కానీ అదే జనగామలో గానీ, మహబూబాబాద్‌లో గానీ, భూపాలపల్లిలో గానీ, ఆగిపోయిన యంత్రాన్ని విప్పి, రోగం కనిపెట్టి, మళ్లీ నడిపించే చేతికి మాత్రం రిపేరు కూలి తప్ప మరే మర్యాదా దక్కదు. కొత్తది చేసినవాడు కళాకారుడు, పాతదాన్ని బతికించినవాడు కూలివాడు అన్న ఈ లెక్క తప్పు అని నా వాదన. దానికి సాక్ష్యంగా ఆటోమేటిక్ రికార్డు ప్లేయరునే తీసుకుంటాను. గ్రామఫోను ప్లేట్లను తనంతట తాను మార్చుకునే ఆ పెట్టెను బాగుచేయడంలో ఉన్న నేర్పు ఏ శిల్పవిద్యకూ తీసిపోదు. ఆ నేర్పు అంతరిస్తే తెలుగు పాటలో ఒక పెద్ద భాగం నోరు మూసుకుంటుంది.

ముందు ఆ యంత్రం గొప్పతనం చెప్పాలి. నడిమి కడ్డీ మీద ఆరు నుంచి పది ప్లేట్ల దాకా దొంతరగా పేర్చి మీట నొక్కితే, కింది ప్లేటు ఒక్కటే జారి పళ్లెం మీద పడుతుంది. ఆర్మ్ లేచి, వచ్చి, అంచున ముల్లు ఆనిస్తుంది. పాట అయిపోగానే లేచి పక్కకు తప్పుకుని రెండో ప్లేటుకు దారి ఇస్తుంది. పాట అయిపోయిందని దానికెలా తెలుస్తుంది? చిప్పు లేదు, కన్ను లేదు. నిమిషానికి 33 చుట్లు తిరిగే ఎల్పీ ప్లేటు మీద గాడులు ఒకదాని పక్కన ఒకటి మిల్లీమీటరులో పదో వంతు దూరంలో ఉంటాయి కాబట్టి పాట సాగినంతసేపు ఆర్మ్ ఒక్కో చుట్టుకు అంతే మేర లోపలికి జరుగుతుంది. పళ్లెం అడుగున ఒక సన్నని నాలుక ఆర్మ్ తోకను అంటిపెట్టుకుని జరుగుతుంటే, పళ్లెం మధ్యనున్న పన్ను ప్రతి చుట్టులోనూ దాన్ని సుతారంగా వెనక్కి తడుతుంది. పాట ముగిసి ముల్లు చివరి గాడిలో పడగానే ఆర్మ్ ఒక్క చుట్టులోనే మిల్లీమీటర్ల కొద్దీ లోపలికి దూకుతుంది. అప్పుడు నాలుక వెనక్కి తగ్గే వీల్లేక పంటికి చిక్కుతుంది. ఆ చిక్కుతోనే పెద్ద పళ్ల చక్రం కదిలి, ఒకే ఒక్క చుట్టులో ఆర్మ్‌ను లేపి, తిప్పి, ప్లేటు జార్చి, తిరిగి తెచ్చి దింపి, తన పళ్లలో ఉన్న ఖాళీ దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. ఈ పనులన్నీ చేసేది పళ్లెం తిప్పే ఆ ఒక్క మోటరే.

ఇంతటి ఆలోచన ఒక్కరోజులో పుట్టలేదు. 1925లో ఆస్ట్రేలియాలోని హోబార్ట్ పట్టణంలో ఎరిక్ వాటర్‌వర్త్ ప్లేట్లు మార్చే మొదటి చేంజరు కట్టాడని అంటారు. 1927లో అమెరికా విక్టర్ కంపెనీ తన ఆటోమేటిక్ ఆర్థోఫోనిక్‌ను బజారుకు తెచ్చింది. ఆ తరువాత ఇంగ్లండులో స్విండన్‌లోని గారార్డ్ వాళ్లూ, బర్మింగ్‌హామ్ పేరు పెట్టుకున్న బీఎస్ఆర్ వాళ్లూ ఈ యంత్రాలను గుట్టలు గుట్టలుగా చేసి ప్రపంచంలోని రకరకాల కంపెనీల పెట్టెల్లో కూర్చోబెట్టారు. బీఎస్ఆర్‌ను చవక సరుకని చులకన చేసేవాళ్లున్నారు గానీ, ఆ చవకతనమే మధ్యతరగతి ఇంటికి పాటను తెచ్చింది. గారార్డ్ జీరో 100 ఆర్మ్‌ను చూడండి: 1971లోనే ముల్లు ప్లేటు అంచు నుంచి లోపలి దాకా గాడికి ఒకే కోణంలో ఉండేట్టు దాని తలను తిప్పే ఏర్పాటు చేశారు. అయినా నా పక్షపాతం దాచుకోను. జర్మనీ బ్లాక్ ఫారెస్టులో స్టైడింగర్ అన్నదమ్ములు 1907లో మొదలుపెట్టిన కార్ఖానా నుంచి వచ్చిన డ్యూయల్ యంత్రాలకు సాటి లేదు. 1965 నాటి డ్యూయల్ 1019 ఆర్మ్ ఎంత తేలికగా నడిచినా చివరి గాడిలో తప్పక లేస్తుంది. 1219లోనైతే ఒక్క ప్లేటు పెట్టినప్పుడూ దొంతర పెట్టినప్పుడూ ముల్లు కోణం చెడకుండా ఆర్మ్ మొత్తాన్నీ పైకీ కిందికీ జరిపే మీట పెట్టారు. ఇది గడియారం చేసే వాళ్ల బుద్ధి.

ఇంత సున్నితమైన యంత్రం యాభై ఏళ్లు అటక మీద పడి ఉంటే చచ్చిపోదు, బిగుసుకుపోతుంది. అప్పట్లో రాసిన గ్రీజు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి జిగురుగా మారుతుంది. నేర్పు లేనివాడు ఆర్మ్‌ను బలంగా తోసి విరగ్గొడతాడు, లేదా కనిపించిన ప్రతి సందులోనూ నూనె పోస్తాడు. నేర్పరి చేసేది వేరు. పళ్లెం తీసి, విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరుసలోనే పేర్చుకుంటాడు. పాత గ్రీజును స్పిరిటుతో పూర్తిగా కడిగి, ఇరుసుకు పలుచటి నూనె, పళ్ల చక్రం గాడికి కొత్త గ్రీజు పెడతాడు. ఇక ఇందాక చెప్పిన నాలుక దగ్గర ఒక్క చుక్క కూడా పెట్టడు. అది పనిచేసేదే పొడి రాపిడితో కాబట్టి అక్కడ నూనె తగిలిందా, పాట మధ్యలో ఆర్మ్ లేస్తుంది, లేదా చివరికి అసలే లేవదు. ఎక్కడ నూనె వేయాలో తెలిసినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఎక్కడ వేయకూడదో తెలిసినవాడే నిజమైన పనివాడు. ఆ తరువాత రబ్బరు చక్రం వంతు. మోటరు కడ్డీకీ పళ్లేనికీ మధ్య నలిగే ఈ చక్రం గట్టిపడితే జారుతుంది. మీటను ఆపే చోట పెట్టకుండా వదిలేస్తే ఒక చోట నొక్కుపడి, ఆ చక్రం తిరిగిన ప్రతిసారీ దడదడమంటుంది. దాన్ని సన్నని గరుకు కాగితంతో గుండ్రంగా పట్టించడం, కుదరకపోతే లేతు మీద కొత్త రబ్బరు కట్టించడం ఒక విద్య. డ్యూయల్ యంత్రాల్లో ఆర్మ్‌ను నడిపించే మీట మీద మినపగింజంత రబ్బరు తొడుగు ఒకటి ఉంటుంది. అది పొడిపొడిగా రాలిపోతే మిగతా యంత్రమంతా నిక్షేపంగా ఉన్నా ఆర్మ్ ఉన్నచోట నుంచి కదలదు. దాని స్థానంలో సైకిలు వాల్వు ట్యూబు ముక్క కత్తిరించి తొడిగిన నేర్పరులు ప్రపంచమంతటా ఉన్నారు. జర్మనీ కార్ఖానా లెక్కలు తెలియకపోయినా, ఆ ముక్క ఎంత పొడవు ఉండాలో తెలిసిన వేళ్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

యంత్రం కదిలితే పని అయిపోయినట్టు కాదు, శృతిలో ఉండాలి. వేగం ఆరు శాతం పెరిగితే పాట ఒక స్వరస్థానం పైకి ఎక్కుతుంది. అమెరికా నుంచి తెచ్చుకున్న పెట్టె అరవై సైకిళ్ల కరెంటుకు తయారైంది. దాన్ని ఇక్కడి యాభై సైకిళ్లకు తగిలిస్తే నిమిషానికి 33 చుట్ల బదులు 28కి కాస్త తక్కువగా తిరుగుతుంది, ఘంటసాల గొంతు మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. ఓల్టేజి మార్చే పెట్టె కొంటే ఇది పోదు. మోటరు మీది కడ్డీనే సరైన లావుది వేయాలి. పనివాడు 180 గీతలున్న కాగితపు చక్రాన్ని ప్లేటు మీద పెట్టి, కరెంటు దీపం వెలుగులో ఆ గీతలు నిలబడినట్టు కనిపించే దాకా వదలడు. ముల్లు విషయమూ అంతే. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్ధం మిల్లీమీటరులో సుమారు నలభయ్యో వంతు, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటుకు దానికి దాదాపు మూడింతలు ఉండాలి. అందుకే ముల్లు కూర్చునే పాత పికప్‌లకు తిప్పుకునే రెండు ముళ్లు ఉండేవి. ఆ పాత పికప్‌లలో కొన్నింటి లోపలి ఉప్పు స్ఫటికం వేడికీ చెమ్మకూ కరిగి చచ్చిపోతుంది. మే నెల జనగామ ఎండ, శ్రావణం నాటి గోదావరి ఒడ్డు తేమ రెండూ దానికి శత్రువులే. అది పోయిందని గుర్తించి, దాని బరువుకూ ధ్వనికీ సరిపడే సిరామిక్ పికప్ వెతికి, ఆర్మ్ బరువు మళ్లీ తూచి కూర్చడం వైద్యం లాంటి పని.

ఇదంతా మనకెందుకు అంటారా? మన పాట ఎక్కడ దాగి ఉందో చూడండి. పశ్చిమ దేశాలు 78 ప్లేట్లు మానేసిన చాలా ఏళ్ల దాకా, 1960ల చివరి వరకూ, మన దేశంలో అవి వస్తూనే ఉన్నాయి. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి 1961లో ‘ఇద్దరు మిత్రులు’కు రాసిన పాటలు జనానికి చేరింది అలాంటి ప్లేట్ల మీదే. స్థానం నరసింహారావు గొంతు, కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం, రావు బాలసరస్వతీదేవి లలితగీతం, ఘంటసాల పుష్పవిలాపం, పద్యనాటకాల సెట్లు అన్నీ ఆ నల్లటి లక్క ప్లేట్లలో ఉన్నాయి. ఘంటసాల 1974లో కన్నుమూశాక ఇంటింటా మోగిన భగవద్గీత ఎల్పీ మీద ఉంది. వి.ఎ.కె. రంగారావు గారు జీవితమంతా వెచ్చించి నలభై వేలకు పైగా 78 ప్లేట్లు పోగుచేశారని చెబుతారు. ఆ తపస్సుకు అర్థం ఉండాలంటే ప్లేటుతోపాటు దాన్ని గాయపరచకుండా పాడించే యంత్రమూ బతకాలి. ఇప్పుడు కొత్తగా వచ్చే మంచి టర్న్‌టేబుళ్లలో చాలావాటికి 33, 45 వేగాలే ఉన్నాయి, 78 లేదు. తెలుగు పాట చరిత్రలో సగం దగ్గర అవి చేతులెత్తేస్తాయి. ఆ సగాన్ని పాత నాలుగు వేగాల చేంజర్లు పాడగలవు.

అభ్యంతరాలు లేకపోలేదు. పాటలన్నీ ఫోనులోనే దొరుకుతుంటే ఈ బరువెందుకు అంటారు. ఫోనులోకి ఎక్కిన పాత పాటల్లో చాలావాటిని ఎవరో ఒకరు ఎక్కడో ఒక ప్లేటు నుంచే ఎక్కించారు. వేగం తప్పిన యంత్రంలో, తప్పు ముల్లుతో ఎక్కిస్తే ఆ తప్పే శాశ్వతమవుతుంది. మంచి యంత్రం మంచి నకలుకు మూలం కాబట్టి నకలు ఉందని మూలాన్ని పారేయడం తెలివితక్కువ. చేంజరు ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పడేసి గీతలు పెడుతుందనేది రెండో మాట. ఇందులో కొంత నిజం ఉంది. అందుకే ప్లేట్ల లేబులు దగ్గరా అంచు దగ్గరా మందం పెంచి, గాడులు తాకకుండా చేశారు. పైగా దొంతర పెట్టమని ఎవరూ బలవంతం చేయరు. పొట్టి కడ్డీ వేసి ఒక్కో ప్లేటే వాడుకోవచ్చు. అప్పుడు కూడా చివరి గాడిలో ముల్లు గంటల తరబడి అరగకుండా ఆర్మ్‌ను లేపి పక్కన పెట్టేది ఆటోమేటిక్కే, ఆ మేలు చేత్తో పెట్టే ప్లేయరు చేయలేదు. పరాయి దేశపు యంత్రం మన సంప్రదాయం ఎలా అవుతుందని మూడో ప్రశ్న. హార్మోనియం మన దేశంలో పుట్టిందా? అది లేకుండా పద్యనాటకం ఊహించగలమా? వాయులీనాన్ని ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో విన్న జాతికి ఈ సందేహం రాకూడదు. ఇది జమీందార్ల వినోదమన్న మాట కూడా వినిపిస్తుంది. చేంజరున్న రేడియోగ్రాము కలవారి ఇంట్లోనే ఉండేదన్నది నిజమే గానీ, ఆ ప్లేటే మైకుసెట్టు వాడి చేతిలో పెళ్లి పందిరికీ, జాతరకూ, గణపతి మండపానికీ వెళ్లి ఊరందరి సొత్తయింది.

అసలు బాధ వేరే ఉంది. మంచి యంత్రాలు పాత ఇనుప సామాన్ల బండికి కిలోల లెక్కన పోతున్న రోజుల్లోనే, పాతదనం పేరుతో చెత్త అమ్ముడవుతోంది. సూట్‌కేసు ఆకారంలో వచ్చే రంగురంగుల ప్లేయర్లు చూడండి. తేలికపాటి ప్లాస్టిక్ ఆర్మ్, వెనక తూకం బరువు ఉండదు, ఐదారు గ్రాములతో గాడిని నొక్కే ముల్లు. 78 మీట పెట్టి, దానికి కూడా ఎల్పీ ముల్లునే వాడమంటారు. లక్క గాడి అడుగున ఆ సన్నని మొన దొర్లుతూ పాటకన్నా గరగరనే ఎక్కువ వినిపిస్తుంది. అంతకన్నా ఘోరం నకిలీ గ్రామఫోన్లు. కొత్త చెక్కపెట్టె, రేకంత పలుచని ఇత్తడి హారను, ఎక్కడిదో పాత మోటరు, మీద పాత గ్రామఫోను కంపెనీ కుక్క బొమ్మ అంటించి పురాతన వస్తువని అమ్ముతున్నారు. స్టీలు ముల్లుతో, మొయ్యలేని బరువుతో నడిచే ఆ పెట్టె మీద ఎల్పీ పెడితే ఒక్కసారికే గాడులు దున్నుకుపోతాయి. పెంబర్తి ఇత్తడి పక్కన ఆ హారనును పెట్టి చూస్తే చాలు, చేతిపని ఏదో మోసం ఏదో తేలిపోతుంది. ఇలాంటివి హాలులో అలంకారంగా కొనేవాళ్లు ఆ డబ్బు ఒక పనివాడి చేతిలో పెడితే, అటక మీద ఉన్న తాతగారి పెట్టె మళ్లీ పాడుతుంది.

అందుకే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాళ్లను అడుగుతున్నాను. ఇంట్లో పాత ప్లేయరుంటే ఇనుప సామాన్లవాడిని పిలవకముందు పని తెలిసినవాడికి ఒకసారి చూపించండి. ఆగిపోయిందంటే చాలాసార్లు అది గ్రీజు గట్టిపడటమే. తెలియకపోతే మీరు నూనె పోయకండి, బలంగా తోయకండి, విడిభాగం ఒక్కటి కూడా పారేయకండి. ఐటీఐల్లో ఎలక్ట్రానిక్స్ నేర్పే గురువులు ఏడాదికి ఒక్క పాత చేంజరునైనా బల్ల మీద పెట్టి విప్పించాలి. పళ్ల చక్రం, కడ్డీ, రాపిడి, వేగం అన్నీ ఒకేచోట నేర్పే పాఠ్యపుస్తకం అంతకన్నా మంచిది దొరకదు. హస్తకళలను ఆదుకునే ప్రభుత్వ శాఖ రేకు కొట్టే చేతితోపాటు రిపేరు చేసే చేతినీ కళాకారుల జాబితాలో చేర్చాలి, ఆ విద్య నేర్చుకునే కుర్రవాడికి భత్యం ఇవ్వాలి. ఇప్పటికీ పని తెలిసిన పెద్దలు మన మధ్య ఉన్నారు. వాళ్ల దగ్గర ఒక్కొక్క కుర్రవాడైనా కూర్చుని నేర్చుకోకపోతే, రేపు ప్లేట్లు భద్రంగా ఉండీ పాడించే దిక్కు ఉండదు. ఆ రోజు రాకుండా ఆపడం ఇవాళ మన చేతిలోనే ఉంది. ఆలస్యం చేస్తే తప్పు మనదే అవుతుంది.