వినేవాళ్లు లేని కచేరీ

కేసర్‌బాయి కేర్కర్ 1977 సెప్టెంబరు 16న కన్నుమూసింది. ఆమె గొంతు భూమిని దాటిపోయి అప్పటికి పదకొండు రోజులైంది. గోవాలో కేరీ అనే పల్లెలో పుట్టి, అల్లాదియా ఖాన్ దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసి, ఠాగూరు మెప్పు పొందిన గాయని ఆమె. ఎక్కడికి వెళ్తున్నావని అడిగే పాట ఒకటి, ‘జాత్ కహాఁ హో’, ఆమె గొంతులో భద్రమై సెప్టెంబరు 5న వాయేజర్-1 అంతరిక్ష నౌకతో ఫ్లోరిడా నుంచి పైకి లేచింది. జంట నౌక వాయేజర్-2 అంతకు ముందే, ఆగస్టు 20న వెళ్లిపోయింది. అందులోనూ ఇదే పాట. వాయేజర్-1 ఇప్పుడు మనకు 2,400 కోట్ల కిలోమీటర్ల పైమాటే. సెకనుకు 17 కిలోమీటర్ల చొప్పున ఇంకా పోతూనే ఉంది. అంత దూరం పోయేవాణ్ణి ఎక్కడికని అడగడానికి ఇంతకంటే తగిన గొంతు దొరకదు.

ఆ పాట భైరవి. హిందూస్తానీ భైరవి స్వరాలు మన హనుమతోడి స్వరాలే. అయినా నడక తోడిది కాదు. తోడిలోని గాంభీర్యం ఇక్కడుండదు, చనువుంటుంది, ఆ చనువులోంచి పుట్టే నిష్ఠూరం ఉంటుంది. ఉత్తరాదిలో కచేరీని భైరవితో ముగించడం ఆనవాయితీ. కేసర్‌బాయి నేర్చిన జైపూర్-అత్రౌలీ బాణీ గాయకులు ఒక రాగాన్ని గంటసేపు విప్పగలరు. గ్రామఫోను పళ్లెం ఇచ్చేది మూడు నిమిషాల చిల్లర. కేసర్‌బాయి ఆ ఇరుకును లెక్కచేయదు, తొందరపడదు. ఆకారంలో తాన్ అందుకుందంటే ఊపిరి ఎక్కడ తీసుకుందో పట్టుకోలేం. స్వరానికీ స్వరానికీ మధ్య అతుకు కనబడదు. ఆ అడగడంలో నిలదీయడం లేదు, బతిమాలడం అంతకంటే లేదు. వెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తారని తెలిసి అడిగినట్టుంటుంది.

నౌకలు మోసుకెళ్లిన బంగారు రికార్డుకు ఈ పాటను సూచించినవాడు ప్రపంచ సంగీతాల పండితుడు రాబర్ట్ బ్రౌన్. తీరా చూస్తే ఆ పాట పళ్లెం ఎక్కడా దొరకలేదు. చివరికి ఆన్ డ్రూయన్ అనే యువ రచయిత్రి, న్యూయార్కు లెక్సింగ్టన్ అవెన్యూలో ఒక భారతీయ కుటుంబం నడిపే ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో, బల్ల కింద అట్టపెట్టెలో పడివున్న కాపీలను పట్టింది. డ్రూయన్ సంగతి మళ్లీ వస్తుంది.

బంగారు రికార్డును శాస్త్ర పరికరంగా చూసేవాళ్లు చూడనీ, నాకది సందేశకావ్యం. కాళిదాసు యక్షుడు మేఘానికి దారి చెప్పాడు, అలకాపురి గుర్తులు చెప్పాడు, ఇంట్లో ఎదురుచూసే మనిషి ఎలా ఉంటుందో చెప్పాడు. రికార్డును కూర్చిన ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ బృందానికి ఆ భాగ్యం లేదు. వాయేజర్-1 సుమారు 40 వేల ఏళ్లకు గ్లీజ్ 445 అనే నక్షత్రానికి 1.6 కాంతి సంవత్సరాల దూరంలోంచి పోతుంది. దగ్గరగా పోవడం అంటే అదీ! వినేవాడు ఉన్నాడో లేడో, ఉంటే వాడికి చెవులున్నాయో లేవో. సహృదయుడు లేనిదే రసం లేదని మన ఆలంకారికులు తేల్చి చెప్పారు. మరి ఈ కావ్యానికి రసం ఎక్కడ నిలుస్తుంది?

ముందు ఆ వస్తువును చూడాలి. పన్నెండు అంగుళాల రాగి పళ్లెం, పైన బంగారు పూత. మామూలు ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్ల లెక్కన తిరిగితే ఇది అందులో సగం వేగంతో తిరుగుతుంది. నాణ్యత కొంత వదులుకుని చోటు సంపాదించారన్నమాట. ఆ చోట్లో సుమారు 90 నిమిషాల సంగీతం, 55 భాషల పలకరింపులు, నూటపదిహేను బొమ్మలు పట్టాయి. బొమ్మలు కూడా గాడిలో శబ్దంగానే ఉంటాయి, సూటిగా వింటే చెవులు చిల్లులుపడే గీపెట్టుడు. పక్కనే సూది పెట్టారు. ఎలా తిప్పాలో మూత మీద గీతల్లో చెప్పారు. మూత మీదే రవ్వంత యురేనియం పూశారు. దానిలో సగం క్షీణించడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది, కాబట్టి ఎంత మిగిలిందో కొలిస్తే పళ్లెం వయసు తెలుస్తుంది. పుస్తకం అచ్చువేసిన సంవత్సరాన్ని ఇంత అందంగా ముద్రించినవాళ్లు ఇంకొకరు లేరు.

రాగి మీద పాట అనగానే తెలుగువాడికి తిరుమల గుర్తుకు రాకుండా ఉండదు. అన్నమయ్య కీర్తనలను తాళ్లపాకవారు రాగిరేకుల మీద చెక్కించి గుడిలో అరకట్టి దాచారు. శతాబ్దాల తర్వాత ఆ రేకులు బయటపడ్డాయి. మాట మిగిలింది, రాగం పేరు మిగిలింది, పాడిన తీరు మాత్రం పోయింది. ఇవాళ మనం వినే అన్నమయ్య వరసల్లో ఎక్కువ భాగం మన కాలపు సంగీతకారులు కట్టినవే. వాయేజర్‌ది సరిగ్గా తిరగేసిన కథ. అక్కడ గొంతు ఉంది, గమకం ఉంది, గాయని ఊపిరి కూడా ఉంది. మాట మాత్రం ఎవరికీ అందదు. ఏది పోతే ఎక్కువ నష్టం? నన్నడిగితే అన్నమయ్య గొంతు ఒక్క నిమిషం వినడానికి రేకులు కొన్ని ఇచ్చేస్తాను. ఈ మాట తిరుపతిలో గట్టిగా అనను.

పలకరింపుల్లో తెలుగు ఉంది. ఎక్కువ భాషలను కార్నెల్ విశ్వవిద్యాలయంలో అక్కడున్నవాళ్ల చేత చెప్పించారు. మన పొరుగున కన్నడం, ఒడియా, మరాఠీ ఉన్నాయి. తమిళం, మలయాళం లేవు. తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్పే ఆ వాక్యం కొన్ని సెకన్లే. వింటే గుండె ఝల్లుమంటుంది, నిజం. కానీ విమర్శకుడి కుర్చీలో కూచున్నాక ఒప్పుకోక తప్పదు, అది సభలో మైకు ముందు పలికిన తెలుగు. దక్షిణ చైనా ఆమోయ్ భాషలో చెప్పినవారు మాత్రం అంతరిక్ష మిత్రుల్ని భోజనాలయ్యాయా అని అడిగారు, తీరిక ఉంటే ఓసారి మా ఇంటికి రమ్మన్నారు. ఇంటికొచ్చినవాణ్ణి ముందు అన్నం తిన్నావా అనడిగే జాతి మనదీనూ. ఆ పలకరింపు మన భాషలో వెళ్లి ఉంటే ఎంత బాగుండేది! మధ్యలో తిమింగలాల పాట కూడా కలిపారు. అందరికంటే అవే సహజంగా మాట్లాడాయి.

బొమ్మలు నాకు రుచించలేదు. బడి గోడ మీది చార్టుల్లా ఉంటాయి. నగ్నంగా నిలబడ్డ పురుషుణ్ణీ గర్భవతినీ చూపే ఫోటో నాసాకు నచ్చలేదు, ఛాయారూపంతో సరిపెట్టారు. నాసా పద్దులు చూసే అమెరికా కాంగ్రెస్ సభ్యుల పేర్ల జాబితా మాత్రం భద్రంగా ఎక్కింది. ఆస్థానకవులు ప్రభువుల వంశావళి పద్యాలు చేర్చినట్టే.

యుద్ధం, రోగం, నేరం, పేదరికం చూపకూడదని బృందం ముందే అనుకుంది. రసాల్లో బీభత్సాన్ని గడప బయటే ఆపేశారు. ఇంటికి వచ్చిన పరాయివాడికి పెరడు చూపించం కదా, నేనా నిర్ణయాన్ని తప్పుపట్టను. కానీ చరిత్రకు హాస్యం ఎక్కువ. మానవజాతి తరఫున అందులో శాంతి వచనాలు పలికింది నాటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కర్ట్ వాల్డ్‌హైమ్. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యంలో తన పాత్రను ఆయన దాచిపెట్టిన సంగతి 1986లో బయటపడింది. తలుపేసి ఆపిన యుద్ధం మర్యాదస్తుడి గొంతులో లోపలికి వచ్చి కూచుంది.

ఇక శిఖరం. పాటల కంటే ముందు నేను చెప్పదలచుకున్నది పన్నెండు నిమిషాల ‘ధ్వనులు’ గురించి. అగ్నిపర్వతాలు, ఉరుము, వాన, కీచురాళ్లు, కప్పలు, ఏనుగు. తర్వాత అడుగుల చప్పుడు, గుండె చప్పుడు, నవ్వు. రాతి పనిముట్లు, గొర్రెల మంద, కమ్మరి సుత్తి, రంపం. గుర్రబ్బండి, రైలు, బస్సు, యుద్ధవిమానం. చివరికి సాటర్న్-5 రాకెట్ పైకి లేచే ఘోష. ఇక్కడిదాకా ఎవరైనా కూర్చగలరు, వరస ఊహకందేదే. ఆ ఘోష తర్వాత ఏం పెట్టాలన్నదే కవిత్వం. వాళ్లు ఒక ముద్దు పెట్టారు. లోకం దద్దరిల్లిన చోట పెదవుల చిన్న చప్పుడు. దాని వెంట ఏడుస్తున్న పసిపాప, ఊరడించే తల్లి. ఒక్క వ్యాఖ్య లేకుండా, అతికిన తీరుతోనే అర్థం పుట్టింది. ఆలంకారికుడు ఆనందవర్ధనుడు చెప్పిన వ్యంగ్యానికి సౌండ్ ఎడిటింగ్‌లో ఇంతకంటే మంచి ఉదాహరణ నేను వినలేదు. ముద్దుకూ పాపకూ మధ్య జరగవలసిన కథంతా వినేవాడి లోపల జరుగుతుంది.

పాప తర్వాత ఒక నిమిషం పాటు పొడి చిటపటలు వినిపిస్తాయి. అవి ఆన్ డ్రూయన్ మెదడు తరంగాలు. 1977 జూన్ 1న, చైనా సంగీతానికి తగిన పాట దొరికిందన్న సంబరంలో ఆమె టూసాన్‌లో సేగన్ దిగిన హోటల్‌కు ఫోన్ చేసి కబురు పెట్టింది. గంట తర్వాత ఆయన తిరిగి చేశాడు. అప్పటిదాకా వాళ్లు స్నేహితులే. ఆ ఫోన్ పెట్టేసేసరికి పెళ్లి ఖాయమైంది. రెండు రోజుల తర్వాత న్యూయార్కు బెల్వ్యూ ఆసుపత్రిలో ఆమె తలకు తీగలు తగిలించి గంటసేపు రికార్డు చేశారు. భూమి చరిత్ర, నాగరికత, మనుషుల కష్టాలు అని ఆమె ఒక క్రమంలో ఆలోచిస్తూ పోయింది. చివర్లో ఎవరికీ చెప్పకుండా, ప్రేమలో పడటం ఎలా ఉంటుందో తలుచుకుంది. గంటను నిమిషానికి కుదించి పళ్లెం మీదికి ఎక్కించారు.

నాట్యశాస్త్రంలో భరతుడు సాత్త్విక భావాలు ఎనిమిదన్నాడు. చెమట, పులకింత, గొంతు వణకడం, కన్నీరు లాంటివి. మనసులోది ఒంటి మీదికి వచ్చే ఆనవాళ్లు అవి, నటుడు కూడా తెచ్చిపెట్టుకోవడం కష్టం. ఈ చిటపటలను తొమ్మిదోదిగా చేర్చమని నేను భరతుణ్ణి అడుగుతాను. పులకింతను చూడగలం, దీన్ని చూడలేం. అందులో ప్రేమ ఏ చిటపటో చెప్పడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. తెలిసి వింటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. వెంటనే ఒక పల్సర్ శబ్దం వస్తుంది, అదీ చిటపటే. ప్రియురాలి తలపుకూ చచ్చిన తారకూ మధ్య చెవికి తేడా తెలియదు.

ఆమె ఫోన్ చేయడానికి కారణమైన చైనా పాట పేరు ‘లియు షుయి’, పారే ఏళ్లు. గ్వాన్ పింగ్‌హు ఏడు తీగల గుచిన్ మీద వాయించాడు. రికార్డులో అన్నిటికంటే పొడుగైనది అదే, ఏడున్నర నిమిషాలు. ఈ రాగానికి పాత కథ ఉంది. బో యా వాయిస్తుంటే అతని మనసులో కొండ ఉందో ఏరు ఉందో జోంగ్ జీచీ అనే ఒక్కడే చెప్పగలిగేవాడట. జీచీ చనిపోయాక బో యా వాద్యం విరగ్గొట్టేసి మళ్లీ ముట్టుకోలేదు. అంటే ఇది సహృదయుడి గురించిన సంగీతం. ఈ రికార్డుకు శ్రోత ఎవరని ఆలోచించి ఆలోచించి నాకు తేలిందేమిటంటే, నౌక నేల విడవక ముందే శ్రోత దొరికాడు. ఆ కబురు విని తిరిగి ఫోన్ చేసినవాడే జీచీ. రసనిష్పత్తి జూన్ 1నే జరిగిపోయింది. ఆ తర్వాత గ్రహాంతరవాసి విన్నా ఒకటే, వినకపోయినా ఒకటే. సేగన్, డ్రూయన్ 1981లో పెళ్లి చేసుకున్నారు, 1996లో ఆయన పోయేదాకా కలిసే ఉన్నారు.

రికార్డు చివరి అయిదు పాటల వరస చూడండి. పెరూ దేశపు పిల్ల పాడిన పెళ్లిపాట, ఒక నిమిషం కూడా ఉండదు. చిన్న వయసులోనే పెళ్లయిపోయిందన్న గోడు అది. తర్వాత లియు షుయి. తర్వాత కేసర్‌బాయి. ఆమె వెంటనే టెక్సస్ గుడ్డి గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్. 1927లో పాడిన ఆ పాటలో మాటే లేదు. మూలుగు ఉంది, గిటారు తీగ మీద జారే లోహపు ఏడుపు ఉంది. ఇల్లు కాలిపోతే ఆ శిథిలాల్లోనే పడుకుని, జబ్బుచేసి 1945లో పోయాడు. చీకటి పడింది, తల దాచుకోను చోటు లేదు అన్న ఒక్క భావాన్ని మాటల్లేకుండా అంతలా చెప్పినవాడు మరొకడు లేడు. అన్నిటికంటే చివర బెతోవెన్ పదమూడో క్వార్టెట్‌లోని కావటీనా, చెవులు పూర్తిగా పోయాక రాసింది. చూపు లేనివాడి పక్కన వినికిడి లేనివాడు. లోకం దాన్నే నెత్తిన పెట్టుకుంటుంది గానీ, నా ఓటు విల్లీకే. కావటీనా దుఃఖానికి పైకప్పు ఉంది.

ఇంత కరుణ పోగుపడ్డాక రాక్ గాయకుడు చక్ బెర్రీ సంగతి చెప్పకపోతే అన్యాయం. ‘జానీ బి. గుడ్’ పెడతామంటే జానపద సంగీత పండితుడు అలన్ లోమాక్స్ అది కుర్రకారు సంగీతమని అభ్యంతరం చెప్పాడు. భూమ్మీద కుర్రకారు చాలామందే ఉన్నారని సేగన్ జవాబు. జనం పాట పక్షాన ఇంత పొట్టి వకాల్తా ఇంకోటి లేదు. నౌకలు వెళ్లిన మరుసటి ఏడు అమెరికా టీవీలో హాస్యనటుడు స్టీవ్ మార్టిన్ ఒక జోకు వేశాడు, గ్రహాంతరవాసుల నుంచి మొదటి జవాబు వచ్చిందనీ, చక్ బెర్రీవి ఇంకా పంపమన్నారనీ. 1989లో వాయేజర్-2 నెప్ట్యూన్‌ను దాటినప్పుడు జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ సంబరంలో బెర్రీ స్వయంగా వచ్చి వాయించాడు.

విచిత్రం ఏమిటంటే ఈ రికార్డు నక్షత్రాలకు వెళ్లింది గానీ చాలా ఏళ్లు మన దుకాణాలకు రాలేదు. సేగన్ అడిగితే ఆయనకే ఒక కాపీ ఇవ్వలేదు. 2017లో అభిమానులు చందాలు వేసుకుంటే గానీ ఎల్పీగా రాలేదు. ఇప్పుడైతే ఫోన్‌లోనే దొరుకుతుంది. వినదలచుకున్నవాళ్లు బొమ్మల జోలికి పోకుండా ముందు ‘ధ్వనులు’ వినండి, రాకెట్ దగ్గర తొందరపడి ఆపేయొద్దు. తర్వాత చివరి అయిదు పాటలు ఒకేసారి, వరస తప్పకుండా. కావటీనా అయిపోయాక వెనక్కి వెళ్లి చక్ బెర్రీని పెట్టండి. లోమాక్స్ ఏమనుకున్నా సరే, వాల్యూమ్ పెంచండి.