బుధవారం రాత్రి డాన్సు క్లాసు

నడివయసులో మళ్లీ బతకాలనిపించడం సినిమాకి పాత సరుకే. దాన్ని హాలీవుడ్ ఎలా చెబుతుందో మనకు తెలుసు. 1999లో వచ్చిన ‘అమెరికన్ బ్యూటీ’లో లెస్టర్ బర్నమ్ ఉద్యోగం వదిలేస్తాడు, పాత స్పోర్ట్స్ కారు కొంటాడు, కూతురి స్నేహితురాలి మీద మనసు పడతాడు, చివరికి తుపాకీ గుండుకి పోతాడు. ఇల్లు కూలితే గానీ మనిషి నిద్ర లేవడన్నట్టు ఉంటుంది వ్యవహారం. దానికి మూడేళ్ల ముందే జపాన్ దర్శకుడు మసాయుకి సువో ‘షల్ వి డాన్స్?’ తీశాడు. సంసారం చెక్కుచెదరకుండానే మనిషిని నిద్ర లేపాడు. రెండింట్లో ఇదే కష్టమైన పని అంటాను.

షోహే సుగియామా అకౌంటెంటు. నలభై దాటాడు. నెమ్మదైన భార్య, చదువుకునే కూతురు, అప్పు తీసుకుని నగర శివార్లలో కొన్న ఇల్లు. పైకి చెప్పుకోదగ్గ కష్టం ఒక్కటీ లేదు, అందుకే ఎవరితోనూ చెప్పుకోలేడు. రాత్రిపూట లోకల్ రైల్లో ఇంటికి వెళ్తూ తలెత్తితే, డాన్సు స్కూలు కిటికీలో ఓ యువతి నిలబడి ఎటో చూస్తూ కనిపిస్తుంది. ఒక రాత్రి ఆ స్టేషన్లో దిగేస్తాడు. వారానికో రోజు, బుధవారం రాత్రి క్లాసు. ఇంట్లో మాత్రం చెప్పడు.

ఈ కథకు వెనక పెద్ద వంశమే ఉంది. మామూలు సంసారుల బతుకుల్ని చూపించే సినిమాల్ని జపాన్‌లో ‘షోమిన్‌గెకి’ అంటారు. షోచికు సంస్థ కమాటా స్టూడియోలో వాటికి ఊపిరి పోసింది. యసుజిరో ఓజు 1932లో తీసిన మూకీ ‘ఐ వాజ్ బార్న్, బట్...’లో శివారు ఇళ్ల పక్కనుంచి రైళ్లు పోతూనే ఉంటాయి, పై అధికారి మెప్పు కోసం కోతివేషాలు వేసే తండ్రిని చూసి పిల్లలు సిగ్గుతో కుమిలిపోతారు. కురొసావా ‘ఇకిరు’ (1952)లోని గుమాస్తాకి చావు దగ్గరపడ్డాకే బతుకు గుర్తొస్తుంది. సువోకి ఓజు మీద ఎంత మోజంటే, 1984లో తన మొదటి సినిమాని, అదీ పెద్దలకు మాత్రమే బాపతుది, ఓజు ధోరణిని అనుకరిస్తూ తీశాడు!

ఆ పాఠం ఇక్కడ బాగా పనికొచ్చింది. కెమెరా హడావిడి పడదు. అదే రైలు, అదే కిటికీ, అదే వంటగది మళ్లీ మళ్లీ వస్తాయి, మారేది సుగియామా ఒక్కడే. ఆ మార్పు కూడా ముందు కాళ్లలో కనబడుతుంది. ఆఫీసు బల్ల మీద చెయ్యి లెక్కలు రాసుకుంటూ పోతుంటే, బల్ల కింద బూట్లు వాల్ట్జ్ అడుగులు వేస్తుంటాయి. మన సినిమాల్లో హీరోకి స్టెప్పులు తల్లి కడుపులోంచే వచ్చేస్తాయి కదా, ఇక్కడ ఒక్కో అడుగూ చెమటోడ్చి నేర్చుకుంటుంటే మనకూ కాళ్లు ఆడతాయి. ఆ పాత్ర వేసిన కోజి యకుషో నటుడు కాకముందు టోక్యోలో వార్డు ఆఫీసు ఉద్యోగి, అందుకే కాబోలు ఆ వంగిన భుజాలు అరువు తెచ్చుకున్నవిలా ఉండవు.

కథకి కీలు ఒక చిన్న అవమానంలో ఉంది. కిటికీలో కనిపించిన ఆ యువతిని, టీచరు మాయిని, భోజనానికి రమ్మంటాడు. ఆమె కుదరదని చెప్పి, ఆ ఉద్దేశంతోనే వస్తున్నట్టయితే డాన్సు మానెయ్యమని సూటిగా అనేస్తుంది. సిగ్గుతో తల వాల్చేస్తాడు. కానీ తర్వాత క్లాసుకి మళ్లీ వస్తాడు. ఆమె కోసం మొదలుపెట్టినవాడు అప్పట్నుంచి అడుగుల కోసం వస్తాడు. మాయిగా వేసిన తమియో కుసకారి అప్పట్లో నిజజీవితంలో బ్యాలే నర్తకి, ఆ బిగువు ఆమె మెడలోనే తెలిసిపోతుంది. విగ్గు పెట్టుకుని లాటిన్ డాన్సులో పూనకం వచ్చినట్టు ఊగే సహోద్యోగి అవొకి ఎంత నవ్విస్తాడో, బయటపడితే ఆఫీసులో తలెత్తుకోలేనన్న వాడి భయం అంత గుచ్చుకుంటుంది. చొక్కాకి సెంటు వాసన తగిలి భార్య మసాకో డిటెక్టివుని పెడుతుంది, ఆ డిటెక్టివేమో డాన్సుల పిచ్చిలో పడతాడు.

సుగియామా డాన్సు పోటీలోకి దిగిన రోజున జనంలోంచి కూతురు ‘నాన్నా’ అని అరుస్తుంది. సుగియామా అడుగు తప్పుతుంది, జోడీగా ఆడుతున్న టొయొకో గౌను చిరుగుతుంది. అవమానంతో డాన్సు మానేస్తాడు. తర్వాత ఇంటి పెరట్లో, కూతురి బలవంతం మీద, భార్యకి అడుగులు నేర్పుతాడు. దాచినందుకు ఆమెకున్న బాధ ఒక్కసారిగా పోదు, సువో పోయినట్టు చూపించడు కూడా. 2004లో హాలీవుడ్ దీన్ని రిచర్డ్ గేర్‌తో మళ్లీ తీసినప్పుడు, భర్త సూటు వేసుకుని గులాబీ పట్టుకుని ఎస్కలేటర్ మీద భార్య దగ్గరికి వస్తాడు. చూడ్డానికి బాగుంటుంది, కానీ పెరట్లో తడబడే ఆ నాలుగు కాళ్ల ముందు తేలిపోతుంది.

జపాన్ అకాడమీ అవార్డుల్లో ఈ సినిమాకి 14 వచ్చాయి. చూడదలిస్తే 136 నిమిషాల జపాన్ ప్రతినే వెతకండి, అమెరికాలో విడుదలైనది కత్తిరించినది. వీలైతే ఇంటాయన్నో ఇంటావిడనో పక్కన కూర్చోబెట్టుకునే చూడండి.