రవీందర్ రెడ్డి స్త్రీశిరస్సులు

సూర్యాపేటలో 1956లో జన్మించి, బరోడాలోను లండనులోను శిల్పవిద్య నభ్యసించి, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బోధించిన జి. రవీందర్ రెడ్డి మలచిన స్త్రీశిరస్సులకు ఆధారము శిల కాదు, గాజునార. మట్టితో రూపు దిద్ది, అచ్చు తీసి, అందు రెసినుతో గాజునారను పొరపై పొరగా పరచి, బోలుమూర్తిని వెలికిదీసి, రంగో బంగారురేకో అద్దుట ఆయన పద్ధతి.

ప్రాచీనశిల్పమునకు ఇది మెఱుగుబెట్టిన అనుకరణమే యని ఆక్షేపింపవచ్చును. కన్నులను చూచినచో ఆ మాట నిలువదు. అమరావతి సున్నపురాతి ఫలకములందు స్త్రీలు పెక్కుచోట్ల బుద్ధుని చిహ్నములచుట్టు గుంపుగా వంగియుందురు. వారి చూపు భక్తిచే కట్టువడినది. రెడ్డి మలచిన స్త్రీ ఒంటరిగా, రెప్పవాల్చక, ఎదుటివారినే చూచును. ఈ చూపు యానామువారికి క్రొత్తది కాదు. గోదావరిగట్టున గ్రామదేవతల కమర్చు వెండికన్నులు ఇట్టివే. అయితే ఆ యెఱ్ఱని పెదవులు, ఆ నిండుకొప్పు దేవతవి కావు, బజారున పూలు బేరమాడు గృహిణివి. (వెనుకకు పోయి కొప్పును చూడనివారు మూర్తిని సగమే చూచినట్లు.)

బంగారుపూత మాత్రము కొన్నింట మితిమీరినది. ఆ తళుకు ముందు ముఖకవళికలు వెలవెలబోవును. రంగు మాత్రమే పూసిన శిరస్సులలో ఈ దోషము లేదు. అచట బుగ్గ మలుపు, పెదవి బరువు తిన్నగా కంటికి తగులును.