ఎండ తగలని పరుపు

విశాఖలో వానాకాలం ఎంత ముదిరిందో తెలియాలంటే వాతావరణ కేంద్రం బులెటిన్ అక్కర్లేదు, వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీస్తే చాలు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు చెమ్మగిల్లడం మొదలవుతుంది. కల్లుప్పయితే ఇంకాస్త ముందే నీరు కారుతుంది. బీచికి దగ్గర్లో ఉన్న మా వీధిలో ముసురు పట్టిన రోజుల్లో ఉప్పు పొడిపొడిగా ఉన్న ఇల్లు నేను చూడలేదు. అవే రోజుల్లో పొద్దున్న లేస్తూనే వరుస తుమ్ములు, కళ్ల దురద, తెల్లవారుజామున ఆయాసం. హైదరాబాదులో మృగశిర కార్తె నాడు చేప మందు కోసం జనం బారులు తీరేది కూడా ఈ చినుకుల వేళే. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్న జోలికి నేను పోను గానీ, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ రోజులు కష్టకాలమన్న మాట నిజం.

తుమ్ములు మొదలవగానే మనం చేసే మొదటి పని నేల కడగడం. రెండు పూటలా తడిగుడ్డ, బకెట్టులో ఫినాయిల్ ఘాటు. వాన పడుతోందని కిటికీలు మూసి, ఫ్యానైనా వేయకుండా తుడిస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? గదిలోనే తిరుగుతాయి. తుడిచిన మాపు మళ్లీ ఆ బకెట్టులోనే రాత్రంతా నానుతూ ఉంటుంది. మర్నాటికి దాని వాసన చూస్తే నేల ఎందుకు జిడ్డుగా ఉందో అర్థమవుతుంది.

పైగా అసలు గొడవ నేల మీద లేదు. 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు వోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా ఇంటి దుమ్ములో అలర్జీ పుట్టించేది డస్ట్ మైట్ అని తేల్చారు. మిల్లీమీటరులో మూడో వంతు ఉండే జీవి. నీళ్లు తాగదు, గాలిలో చెమ్మనే ఒంటితో పీల్చుకుని బతుకుతుంది. తేమ 50 శాతం కంటే తగ్గి కొన్నాళ్లు అలాగే ఉంటే ఎండిపోయి చస్తుంది. హైదరాబాదు మండువేసవి దానికి గడ్డుకాలమే. మన తీరంలో మాత్రం ఏడాదిలో చాలా భాగం గాలి ఆ గీత కిందికి దిగదు. దాని తిండి మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు. అది ఎక్కువగా రాలేది పరుపు మీద, దిండు మీద. తుమ్ము తెప్పించేది ముఖ్యంగా దాని పెంట. కదిపితే లేస్తుంది, కాసేపటికి మళ్లీ కిందికి దిగుతుంది. రాత్రంతా ముక్కు ఆనించి పడుకునే దిండును వదిలేసి హాలు తళతళలాడించి ఏం లాభం?

మా అమ్మకు ఈ పురుగు సంగతి తెలియదు. సంక్రాంతి ముందు వారం మాత్రం ఇంట్లో ఒక్క పరుపూ గదిలో ఉండేది కాదు. బూరుగు దూది పరుపులు డాబా మీదికెక్కేవి. గోడకు చేరేసి పాత గొడుగు కర్రతో కొడితే ఎండలో దుమ్ము తెరలు తెరలుగా లేచేది. గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి ఎదురు పక్కన నిలబడమనేది. దూది గడ్డకట్టిన పరుపులుంటే దూదేకే అతన్ని పిలిచేవారు. వసారాలో కూర్చుని పెద్ద వింటి నారి టంగు టంగుమని మీటుతుంటే గడ్డలు విడిపోయి దూది పొంగేది, ఏళ్ల దుమ్ము కింద రాలేది. పడుకునేది నవారు మంచాల మీద కాబట్టి కింది నుంచి గాలి ఆడేది. గోడలకు సున్నం. సున్నానికి క్షారగుణం ఉంది, దాని మీద బూజు అంత తేలిగ్గా పట్టదు, గోడ పీల్చిన చెమ్మ బయటికీ పోతుంది. ఇప్పుడు వేసే ప్లాస్టిక్ రంగు ఆ చెమ్మను లోపలే బంధిస్తుంది. అందుకే బీరువా వెనక రంగు పొక్కులు లేచి, నల్ల మచ్చలు, చీరలకు ముక్కిన వాసన. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరిపితే సగం తగ్గుతుంది. బాత్రూమ్ బూజుకు బ్లీచింగ్ పౌడరు వాడేవాళ్లు దాంతోపాటు యాసిడ్ పోయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

అయితే ఇప్పటి ఫోమ్ పరుపును ఎవరు ఎత్తుతారు? మూడో అంతస్తు నుంచి డాబా మీదికి మోయలేం, మోసినా డాబా తాళం అసోసియేషన్ దగ్గర. కాబట్టి ఎత్తగలిగినవే ఎత్తాలి. దిళ్లు, బొంతలు, రగ్గులు, పిల్లల బొమ్మలు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే మైట్లు చస్తాయి. పైనుంచి బట్టలు వేసే వాషింగ్ మెషీన్లలో చాలావాటికి నీళ్లు కాచే ఏర్పాటుండదు. అలాంటప్పుడు పొగలు కక్కే నీళ్లలో నానబెట్టి ఉతకడమే. చన్నీళ్లతో ఉతికితే పురుగు చావకపోవచ్చు గానీ దాని పెంట చాలావరకు కొట్టుకుపోతుంది, అది తక్కువ లాభమేం కాదు. ఎండబెట్టి ఊరుకుంటే పురుగు చచ్చినా పెంట అక్కడే ఉంటుంది. అందుకే దులపాలి, ఉతకాలి. పరుపుకు జిప్పుతో పూర్తిగా మూసుకునే తొడుగు వేస్తే దాన్ని డాబా మీదికి మోయలేని లోటు కొంత తీరుతుంది. తివాచీ మాత్రం తీసి ఎవరికైనా ఇచ్చేయండి. ఈ ఊళ్లో తివాచీ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. ఏసీ ఉన్నవాళ్లు ముసురు రోజుల్లో డ్రై మోడ్ వేసుకోవచ్చు, కరెంటు బిల్లు సంగతి వాళ్లిష్టం.

మాకు తెరిపి దొరికిన రోజు పదకొండుకు దిళ్లు పైకెక్కుతాయి, మూడున్నరకల్లా దిగాలి. ఆ తర్వాత సముద్రపు గాలి చల్లబడి, ఎండినదాన్ని మళ్లీ చెమ్మ పట్టిస్తుంది. దులిపే పని తుమ్ములున్న మనిషికి అప్పగించకూడదు, మూతికి గుడ్డ కట్టుకున్నా సరే. మా ఇంట్లో ఆ మనిషిని నేనే కాబట్టి కర్ర మా ఆయన చేతికిస్తాను. ఆయన కొట్టే తీరు చూస్తే దిండు మీద కోపమో నా మీద కోపమో తేల్చుకోలేం.